ఎడమ చేతికో గాలం కట్టె

తెలంగాణ కోసం చేసిన సమ్మె ముగిసి బడులు తెరిచిన రోజు స్టాఫ్‌రూములో అందరూ ఒకరినొకరు అడిగిన ప్రశ్న ఒకటే, ఇన్ని రోజులు ఏం చేసినవని. ఒకరు రాస్తారోకోల్లో తిరిగారు, ఒకరు కూతురి పెళ్లి సంబంధాలు చూసుకున్నారు. నేను గాలం కట్టె కోసం స్కూటీ మీద జనగామ నుంచి భూపాలపల్లి దాకా పోయొచ్చానంటే టీ తాగుతున్నవాళ్లకు పొలమారింది. లెక్కల టీచరుకు గాలంతో పనేంటని నవ్వారు. నవ్వొచ్చే సంగతే, కాదనను. నాకు చేపలు తినడం తెలుసుగానీ పట్టడం తెలియదు. అందుకే వాళ్లకు సగమే చెప్పి ఊరుకున్నాను. మొత్తం సంగతి ఇక్కడ రాస్తున్నాను.

గాలం నా కోసం కాదు, మా అన్న మల్లేశం కోసం. మా అన్న బోరు మోటార్లు బాగుచేసేవాడు. కాలిన మోటారు విప్పి కొత్త రాగి తీగ చుడితే మళ్లీ మూడేళ్ల దాకా చూసుకోనక్కర్లేదని రైతులు చెప్పుకునేవాళ్లు. పోయిన ఉగాదికి ముందు పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది. కాలు వచ్చింది, కొంచెం ఈడుస్తాడు. కుడి చెయ్యి మాత్రం రాలేదు. ఎడమ చెయ్యి బాగానే ఉంది కదా, అన్నిటికీ దాన్నే అలవాటు చేసుకోమని దవాఖానలో డాక్టరు చెప్పి పంపాడు.

డాక్టరుదేం పోయింది, చెప్తాడు. మా ఇళ్లలో పసిపిల్ల ఎడమ చేత్తో ముద్ద ముట్టుకుంటేనే చేతి మీద ఒకటి పడుతుంది. యాభై ఏళ్ల మనిషి ఆ చేత్తో నలుగురి ముందు అన్నమెట్లా తింటాడు? చెంచా ఇస్తే విసిరికొట్టాడు. తలుపు దగ్గరికి వేసి వదిన తినిపిస్తే తినేవాడు. నలుగురు కూడిన చోట తిండి ఉంటుంది కాబట్టి నలుగురిలోకి పోవడమే మానేశాడు. పెళ్లిళ్లు లేవు, దినాలు లేవు. ఎనిమిది నెలలు గోడకు ఆనుకుని కూర్చున్న మనిషిని చూసి నాకు ఏడుపూ వచ్చేది, కోపమూ వచ్చేది. ఏదో ఒక పని, ఎంత చిన్నదైనా సరే, ఆ ఎడమ చేత్తో తనంతట తాను చెయ్యాలి. నా పంతం అదొక్కటే.

మోటార్లు కాక మా అన్నకు ఇష్టమైన పని ఇంకొకటుంది. ఆదివారమొస్తే గాలం పట్టుకుని చెరువు దగ్గరికి పోయేవాడు. అక్కడి నుంచి మొదలుపెట్టాను.

జనగామ: చక్రం గాలం

జనగామ నీళ్లకు మొహం వాచిన ఊరు. ఆ ఏడు మాత్రం వానలు బాగా పడి చెరువులు నిండాయి. హైదరాబాద్ పోయినప్పుడు ఒక దుకాణంలో మడత పెట్టే గాలం ఒకటి కొన్నాను. పట్టుకునే చోట మెత్తటి పిడి, పక్కన తళతళలాడే చక్రం, పధ్నాలుగు వందలు. దుకాణదారుడు ఇది ఏ నీళ్లలోనైనా, ఏ చేపకైనా పనికొస్తుందన్నాడు. అన్నిటికీ పనికొచ్చే సూత్రం లెక్కల్లో లేదని తెలిసిన దాన్ని, అప్పుడు మాత్రం నమ్మాను.

చెరువు గట్టు మీద కూర్చోబెట్టి అన్న ఎడమ చేతికి ఇచ్చాను. పట్టుకున్నాడు. తంగూసు దారం నీళ్లలోకి వదిలాం. కాసేపటికి బెండు మునిగింది.

"అన్నా, చక్రం తిప్పు" అన్నాను.

మా అన్న నన్ను చూశాడు. "ఏ చెయ్యితోని తిప్పాలె చెల్లె?" అన్నాడు.

నా మెదడు అప్పటికిగానీ పనిచెయ్యలేదు. ఒక చెయ్యి కట్టె పట్టుకుంటే ఇంకో చెయ్యి చక్రం తిప్పాలి. పధ్నాలుగు వందలు పోసి రెండు చేతుల గాలం కొనుక్కొచ్చాను. బెండు పైకి తేలింది, చేప ఎర తినేసి పోయింది. అన్న లేచి ఇంటి వైపు నడిచాడు. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం మా ఆయనే చెప్పాడు. జఫర్‌గఢ్‌లో నర్సయ్య అనే ముసలాయన వెదురు గాలాలు చేస్తాడని, ఎట్లాగూ సమ్మెలో ఉన్నావు కాబట్టి తీసుకుపొమ్మని. "పిల్లలను నేను జూసుకుంట. నువ్వింట్ల ఉంటే లెక్కలు చెప్పి నన్ను గూడ సంపుతున్నవు" అన్నాడు. బస్సులు డిపోల్లో పడుకుని ఉన్నాయి. స్కూటీ తీశాను. అన్న రానంటే రానన్నాడు. వదిన అతని చొక్కాలు రెండు సంచిలో పెట్టి బయటికి తెచ్చింది, ఇక ఆయన మాట చెల్లలేదు.

జఫర్‌గఢ్: పొగలో ఆరిన వెదురు

నర్సయ్య బాపు ఇంట్లో పొయ్యి మీద అటక, అటక నిండా వెదుళ్లు. పొగకు ఆరి తేనె రంగుకు వచ్చాయి. వంకర ఉన్నవాటికి కింద రాయి కట్టి దూలానికి వేలాడదీశాడు. నేను పోగానే మంచి గాలం కట్టె ఇయ్యి బాపూ, ఎంతైనా పర్వాలేదన్నాను.

"ఏ నీళ్లకు?" అన్నాడు.

"అంటే?"

"చెరువుకా, వాగుకా, కుంటకా? గట్టు మీద కూసుంటవా, మోకాలంత నీళ్లల్ల దిగుతవా? గడ్డి ఉన్నదా? గాలి మొఖానికి కొడ్తదా, ఈపుకు కొడ్తదా? ఏ చేప గావాలె? గివేమీ తెల్వకుంట కట్టె అడిగితే ఏమియ్యాలె బిడ్డ?"

నా బడిలో పిల్లలు ప్రశ్న చదవకుండానే జవాబు రాసేస్తారని తిడుతుంటాను. ఇక్కడ నేనే ఆ పని చేశాను. ఆయన తీరిగ్గా చెప్పుకొచ్చాడు. చెరువులో గట్టు దగ్గర గడ్డి ఉంటుంది, చేప గడ్డి అవతల తిరుగుతుంది, కాబట్టి కట్టె పొడుగుండాలి. గడ్డిలోపలి కొర్రమట్ట చేప కావాలంటే పొట్టిగా, మొద్దుగా ఉండాలి, లేకపోతే అది గడ్డిలోకి దూరి తెంపేస్తుంది. వాగులో నీళ్లు ఉరుకుతాయి, అక్కడికి సన్నగా కొన ఊగేది కావాలి. పొడుగు జానెడు పెరిగితే చేతికి తెలిసే బరువు ఎంత పెరుగుతుందో ఆయన ఒక వెదురును మొదట్లో రెండు వేళ్లతో పట్టి చూపించాడు. మీటల పాఠం మా బడిలో ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

అన్నకు పది అడుగుల సన్న వెదురు ఇచ్చాడు, అరవై రూపాయలు. ఒంటి చేత్తో పట్టుకుంటే కొన వణికింది. "ఊకె పట్టుకొని కూసోవద్దు. పంగల కట్టె పాతి దాని మీద ఆనియ్యి. బెండు మునిగినప్పుడే చెయ్యి ఎయ్యి" అన్నాడు. ఇంకా మంచి వెదురు కావాలంటే భూపాలపల్లి అడవి వైపు పోవాలని, తన తండ్రి అక్కడి నుంచే తెచ్చేవాడని చెప్పాడు. గాలం కొక్కేలు, తంగూసు మాత్రం మానుకోట బజారులో ఏరుకొమ్మన్నాడు.

ఆయన కోడలు వేడి వేడి మక్క గారెలు తెచ్చి పెట్టింది. అన్న కడుపు నిండుగా ఉందన్నాడు. నిండుగా ఎక్కడిది, పొద్దుటి నుంచి చాయ్ ఒక్కటే తాగాడు. గారెలు కాగితంలో కట్టించుకుని, ఊరు దాటాక వేప చెట్టు కింద ఆపి తుంచి తినిపించాను. అన్న తిన్నాక మిగిలినవి నేను తిన్నాను, అప్పటికి చల్లారి గట్టిపడ్డాయి.

మరిపెడ: చౌరస్తాలో వంట

పది అడుగుల కట్టెను స్కూటీ మీద అడ్డంగా కట్టలేం. మొదలు నా కాళ్ల దగ్గర ఆనించి, నిలువుగా అన్న ఎడమ చేతికి పట్టించాను. దారిపొడవునా పొలాల్లోని మనుషులు మమ్మల్ని చూసి చెయ్యి ఊపి జై తెలంగాణ అంటున్నారు. నేనూ చెయ్యి ఊపాను. మనల్ని చూస్తే సమ్మె వాళ్లమని తెలుస్తుందేమో అనుకుని మురిశాను కూడా.

మరిపెడ చౌరస్తాలో రోడ్డు మధ్య పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. టీచర్లు, గుమస్తాలు, నర్సులు, లాయర్లు, అందరూ రోడ్డు మీదే. స్కూటీ ఆపగానే ఒక నర్సమ్మ ఎదురొచ్చింది.

"జెండా కట్టె తెచ్చిండ్రా? సమయానికి వచ్చిండ్రు. మాది పొద్దుగాలనే ఇరిగింది" అంది.

నేను నోరు తెరిచేలోపే ఇద్దరు మనుషులు అన్న చేతిలోంచి కట్టె అందుకున్నారు. ఒకాయన కొనకు జెండా కట్టాడు, ఇంకొకాయన డాంబర్ డబ్బాలో కట్టె నిలబెట్టి చుట్టూ కంకర పోశాడు. గాలికి జెండా విచ్చుకుంది. చుట్టూ ఉన్న వాళ్లంతా జై తెలంగాణ అన్నారు. సిగ్గులేకుండా నేను కూడా అన్నాను. సమ్మెలో ఉన్న టీచర్ని, ఎగిరిన జెండాను దించండి, అది మా గాలం కట్టె అని ఏ మొహంతో అడగాలి?

"పోనీ తియ్యి" అన్నాడు అన్న. "దాని నసీబు మంచిగున్నది."

వరసగా విస్తళ్లు వేశారు. అన్నం, పప్పుచారు, వంకాయ కూర. రోడ్డంతా పొగ, ఆకలి. అన్న వెనక్కి జరిగి "నాకు శనివారం ఉపాసమమ్మా" అన్నాడు.

"ఇయ్యాల సుక్రారం గదన్నా" అంది నర్సమ్మ.

"ఒక దినం ముందే మొదలువెడ్త" అన్నాడు మా అన్న.

నర్సమ్మ అతని కుడి చెయ్యి వైపు ఒకసారి చూసి పక్క విస్తరికి పోయింది. రోడ్డు మీది వాళ్లంతా ఒక్క పంక్తిలో కూర్చుని తింటుంటే మా అన్న డాంబర్ డబ్బా పక్కన నిలబడి జెండా చూస్తున్నట్టు నటించాడు. నేను విస్తరి ముందు నుంచి లేచాను. నర్సమ్మ ఇద్దరికీ సరిపడా కవర్లో కట్టిచ్చింది. పక్క ఊళ్లో తాళం వేసిన బడి వెనక కూర్చోబెట్టి తినిపించాను. గోడ మీద ఎక్కాలు రాసి ఉన్నాయి. అన్న వాటిని చదువుతూ నమిలాడు, నా వైపు చూడలేదు.

మానుకోట

పట్టాల మీద రైలు చూస్తేనే ఊరని నమ్మేవాళ్లు మానుకోటను మెచ్చుతారు. పటంలో మహబూబాబాద్ అని ఉంటుంది, మానుకోట అననిదే అక్కడ ఎవరూ పలకరు. నాతో బీఈడీ చదివిన విజయ ఇంట్లో ఆ రాత్రి ఉన్నాం. మర్నాడు బజారులో గాలాలు, తంగూసు అమ్మే కొట్టుకు పోతే ఒక సామాను పెట్టెలో గాలం కొక్కేలు గింజల్లా పోసి ఉన్నాయి. అన్న వంగి ఎడమ చేతి వేళ్లతో ఒక్కొక్కటి తీసి గోటి మీద కొన గుచ్చి చూసి ఆరు ఏరాడు. కొట్టతను డబ్బులు కూడా మర్చిపోయి చూశాడు. "మస్తు తెలిసినోని లెక్కున్నవన్నా" అన్నాడు.

ఆ ఎడమ చెయ్యి మోటారు తీగలు చుట్టిన చెయ్యి. దానికి పని రాదని ఎవరన్నారు? నేను కొట్టు బయట నిలబడి ఆ సంగతే నాలో నేను గొణుక్కున్నాను.

బయ్యారం: కొప్పులో గాలం

కొర్రమట్టలు బయ్యారం చెరువులో బాగా ఉంటాయని కొట్టతను చెబితే అటు పోయాం. బయ్యారం దారి ఎర్రగా ఉంటుంది. ఇనుము మట్టి. పోయేసరికి నా తెల్ల చీర కుంకుమ నీళ్లలో ముంచి తీసినట్టయింది. పెద్ద చెరువు నిండి మత్తడి దూకుతోంది. ఒడ్డున గడ్డిలో ఒక తండా ఆవిడ కూర్చుని నాలుగడుగుల మొద్దు కట్టెతో గాలం వేస్తోంది. పేరు శాంతిబాయి. కూతురితో లంబాడీలో, మాతో తెలుగులో మాట్లాడుతుంది, రెండింటిలోనూ ఆపకుండా.

నర్సయ్య బాపు చెప్పిన కొర్రమట్ట కట్టె అదే. పొట్టిది, ఒంటి చేతికి చాలు. అడిగితే తనది అన్నకు ఇచ్చి చూసుకోమంది. నేను వానపాము గుచ్చి ఇచ్చాను, కళ్లు మూసుకుని గుచ్చాను, అది వేరే సంగతి. అన్న వేశాడు. బెండు మునిగింది. అలవాటు లేని ఎడమ చెయ్యి కట్టెను పైకి లాగాల్సింది పోయి పక్కకు లాగింది. గాలం గాల్లో తిరిగి వచ్చి నా కొప్పులో దిగింది.

"కదలకు" అన్నాడు అన్న.

"నువ్వు కదలకు. నువ్వు లాగితే నా తలొస్తది" అన్నాను.

శాంతిబాయి నా జుట్టు విప్పి గాలం తీస్తూ "ఇంత పెద్ద చేప మా చెరువుల ఎన్నడు పడలే" అంది. మా అన్న నవ్వాడు. పళ్లు కనబడేలా నవ్వాడు. ఎనిమిది నెలల తర్వాత ఆ నవ్వు చూసేసరికి నాకు గాలం గుచ్చుకున్న నొప్పి కూడా గుర్తు లేదు.

ఆ తర్వాత వరసగా నాలుగు సార్లు వేశాడు. చేప పడలేదు, ఎర మాత్రం ప్రతిసారీ పోయింది. ప్రతిసారీ గాలం నా దగ్గరికి తెచ్చేవాడు, నేను వానపాము గుచ్చి ఇచ్చేదాన్ని. పాము గుచ్చాలంటే ఒక చేత్తో గాలం, ఒక చేత్తో పాము పట్టుకోవాలి. ఐదోసారి తేలేదు. కట్టె గడ్డి మీద పెట్టేశాడు.

"నువ్వు గుచ్చుడు, నేను పట్టుడు. గట్లయితే చేప నువ్వు పట్టినట్టే. అన్నం నువ్వే వెట్టవడ్తివి, ఎర నువ్వే గుచ్చవడ్తివి. నన్నెందుకు మోసుకొచ్చినవు సరోజా?"

"ఒకసారి గుచ్చితే ఏమైతది అన్నా?"

"నీకేం గాదు. నాకైతది" అన్నాడు.

అతను చెప్పింది తప్పు కాదు, అదే నా బాధ. శాంతిబాయి గుడిసెలో జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు పెట్టింది. మేం జొన్నరొట్టె చేసుకుంటే ముక్కలు చేసి పాలలో వేసుకుంటాం, వాళ్లు పొయ్యి మీంచి తీసిన రొట్టెను అట్లాగే చేతిలో పెడతారు. అన్న గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను రొట్టె తుంచి నోట్లో పెడుతుంటే శాంతిబాయి చూసి "అన్నా, నీ ఆ చెయ్యికేమైంది?" అని ఎడమ చెయ్యి చూపించింది. అన్న నోట్లో రొట్టె ఉంది. మింగడానికి చాలా సేపు పట్టింది. ఆవిడ మంచి మనసుతోనే అడిగింది.

రాత్రికి విజయ ఇంటికి తిరిగొచ్చాం. పొద్దున ఇంటికి పోదామా అని అడిగాను. సగం మనసుతో అడిగాను. అన్న "భూపాలపల్లికి పోయి మన ఓదెలును చూసి పోదాం" అన్నాడు. ఓదెలు మా పిన్ని కొడుకు, బొగ్గు గనిలో పని. గాలం పేరెత్తలేదు. పోదామన్నాడు కదా, నాకదే చాలనుకున్నాను.

ములుగు దారిలో ఒక పోలీసు

నర్సంపేట దాటాక ఒక చెక్‌పోస్టు దగ్గర పోలీసు ఆపాడు. శాంతిబాయి బలవంతాన ఇచ్చిన మొద్దు కట్టె సంచికి కట్టి ఉంది.

"గీ కట్టె ఎవలను కొట్టనీకి?" అన్నాడు.

"చేపలను" అన్నాను, కోపంగానే.

అతని మొహం మారిపోయింది. కట్టె చేతిలోకి తీసుకుని కొన వంచి చూశాడు. "కొర్రమట్టకు గదా" అన్నాడు. నేను టీచర్నని విని, మీరంటే సమ్మె చేస్తున్నారు, మాకా యోగం లేదు, సెలవు దొరికితే నేనూ వాగుకే పోతానని నిట్టూర్చాడు. అన్న చెయ్యి చూసి నెమ్మదిగా అడిగాడు. చెప్పాను. ఎర గుచ్చే గొడవ కూడా చెప్పాను. ముక్కూమొహం తెలియని మనిషికి అంత ఎందుకు చెప్పానో తెలియదు.

"ఎర లేకుంట పట్టేటాయన ఉన్నడు టీచరమ్మా" అన్నాడు. "మోరంచ వాగు కాడ కోయాయన, సమ్మయ్య తాత. కోడి ఈకతోని పడ్తడు. నా పేరు చెప్పకున్నా నేర్పిస్తడు."

అన్న స్కూటీ మీంచి ముందుకు వంగాడు. "ఈకతోని ఎట్ల?" అన్నాడు. బయ్యారం తర్వాత గాలం గురించి అతను మాట్లాడిన మొదటి మాట అదే.

భూపాలపల్లి: కోడి ఈక

ఓదెలు క్వార్టర్లో పొద్దున్నే చాయ్ తాగి వాగుకు పోయాం. గనులన్నీ ఆగిపోయి ఊరు మీద బొగ్గు దుమ్ము లేదు. ఆకాశం ఇంత నీలంగా ఉంటుందని తనకే తెలియదని ఓదెలు అన్నాడు. తెలంగాణ వస్తుందంటావా అని అడిగితే "రాక ఏడికి వోతదక్కా" అన్నాడు, రేపు జీతం పడుతుందన్నంత ధీమాగా.

సమ్మయ్య తాత వాకిట్లోనే వాగు వినిపిస్తుంది. బక్కటి మనిషి. మా కథ విని అన్నను కూర్చోబెట్టి ఎడమ చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా జానతో కొలిచాడు. ఇన్ని ఊళ్లు తిరిగితే నీళ్లు కొలిచారు, చేపను కొలిచారు, చెయ్యి కొలిచింది ఈయన ఒక్కడే.

పొలం కంచెకని దాచిన కట్టెల్లోంచి లోపల బోలు లేని సన్న వెదురు తీశాడు. ఏడడుగులు. పట్టుకునే చోటుకు వెనక మోచేతి దాకా తోక వదిలాడు. పాత తువ్వాల చించి కడియంలా కుట్టించి, కట్టె తోక, మోచెయ్యి రెండూ అందులో దూరేట్టు పెట్టాడు. "ఇగ బరువు మణికట్టు మీద వడదు. మోచెయ్యి మోస్తది" అన్నాడు. అన్న చెయ్యి దూర్చి ఎత్తాడు. కొన వణకలేదు.

తర్వాత మానుకోటలో ఏరిన గాలాల్లో ఒకటి అడిగాడు. కొన వెనక ఉండే చిన్న ముల్లును ఆకురాయితో అరగదీశాడు. చేప పడ్డాక తంగూసు వదులు చేస్తే దానంతటదే ఊడి ఇసుకలో పడుతుంది, విప్పడానికి ఇంకో చెయ్యి అక్కర్లేదు. పుంజు మెడ ఈక రెండు పోగులు తీసి గాలానికి దారంతో బిగించాడు. పారే నీళ్ల మీద అది పురుగులా కొట్టుకుపోతుంది, చేప ఎగిరి అందుకుంటుంది. "ఒక్క ఈక పది దినాలొస్తది. గుచ్చే పని లేదు" అన్నాడు.

అన్న ప్యాంటు మడిచి కాలు ఈడుస్తూ నీళ్లలోకి దిగాడు. మొదటిసారి ఈక పక్కనున్న పొదకు చిక్కింది. నేను అలవాటుగా లేచాను.

"కూసో బిడ్డ" అన్నాడు సమ్మయ్య తాత. "ఆయన తీసుకుంటడు."

"పడిపోతడు తాతా."

"నీళ్లు మోకాలంతే గద. పడ్తే లేస్తడు."

కూర్చున్నాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను, లేకపోతే అవి ఆగేలా లేవు. అన్న పొద దాకా నడిచాడు. ఒకసారి జారాడు, నిలదొక్కుకున్నాడు. కట్టె చంకలో ఇరికించుకుని, ఎడమ చేత్తో కొమ్మ వంచి పళ్లతో పట్టుకుని, ఈక విడిపించుకున్నాడు. వెనక్కి తిరిగి మా వైపు చూడను కూడా చూడలేదు. మళ్లీ వేశాడు.

ఎన్నిసార్లు వేశాడో తెలియదు. ఎండ ముదిరింది. ఒకసారి ఈక నీళ్ల మీద కనబడి, మరుక్షణం లేదు. మోచెయ్యి లేచింది. వెండిలా మెరుస్తూ వేలెడంత పరక చేప ఒకటి గాల్లో తిరిగి ఇసుకలో పడి, గాలం ఊడి ఎగిరెగిరి పడింది. అన్న దాన్ని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వంగి ఎడమ చేత్తో పట్టుకున్నాడు. జారిపోయింది. మళ్లీ పట్టుకుని బుట్టలో వేశాడు. నాకు కళ్లు కనబడలేదు, కొంగుతో తుడుచుకున్నాను. తాత చుట్ట ముట్టించుకుంటూ నీళ్ల వైపే చూశాడు.

మధ్యాహ్నానికి తొమ్మిది పరకలు పట్టాడు. ఓదెలు ఆశపడి తానొకసారి ప్రయత్నిస్తానంటే ఇవ్వలేదు. "ఇది ఎడమ చెయ్యి కట్టె. నీకు రాదు తమ్మీ" అన్నాడు.

సమ్మయ్య తాత భార్య ఆ పరకలను తలలు గిల్లి, ఉప్పు కారం రాసి, చింతపండు పిండి పులుసు పెట్టింది. వాకిట్లో నాలుగు మోదుగు విస్తళ్లు వేసింది. తాత కూర్చున్నాడు, ఓదెలు కూర్చున్నాడు, అన్న కూడా కూర్చున్నాడు. అవ్వ అందరికీ ఒకే తీరుగా అన్నం పెట్టి, పులుసు పోసింది. నేను నా విస్తరి వదిలేసి, చెయ్యి కడుక్కుని, ఎప్పటిలాగే అన్న పక్కకు జరిగాను. అన్నం కలపబోయాను.

అన్న విస్తరిని నా చేతికి అందకుండా తన ఎడమ పక్కకు లాక్కున్నాడు. చెయ్యి ఒక్క క్షణం అన్నం మీద ఆగింది. తలెత్తి అందరినీ చూశాడు. తాత తింటున్నాడు. ఓదెలు ముల్లు తీసుకుంటున్నాడు. అవ్వ గిన్నె పట్టుకుని ఇంకెవరికి కావాలా అని చూస్తోంది. అన్న ఎడమ చేత్తో అన్నం కలిపాడు. మెతుకులు వేళ్ల సందుల్లోంచి జారాయి. రెండోసారి ముద్ద నిలిచింది. నోట్లో పెట్టుకుని, నమిలి, ముల్లు తీసి విస్తరి అంచున పెట్టాడు. ఇంకో ముద్ద కలిపాడు.

నేను చెయ్యి అట్లాగే చాపుకుని కూర్చుండిపోయాను. అన్న నన్ను చూసి, నోట్లో ముద్దతోనే అన్నాడు.

"నన్నేం జూస్తున్నవు? నీ అన్నం సల్లారుతంది. తిను."